అర కాల్‌షీటు చదువు

పోయినవాటిని ముందు వరసగా రాస్తాను. ఇంగ్లిష్ పరీక్షకు రెండుసార్లు కట్టిన ఫీజు. సెమినరీ దరఖాస్తుకు కట్టిన ఫీజు. ఎలాగూ ఊళ్ళో ఉండను కదా అని వదులుకున్న రెండు సినిమాల పని. మా చర్చి సంఘంలో పదకొండేళ్ళు మోసిన కోశాధికారి బాధ్యత. కృష్ణానగర్‌లో సాయంత్రంపూట ఒక స్నేహితుడితో కలిసి తాగే టీ. అమెరికాలో, నేనెప్పుడూ చూడని ఒక ఇంట్లో, మేడమీద ఒక గది.

ఆరు పద్దులు. మొదటి మూడూ డబ్బుకు సంబంధించినవి. వాటి గురించి అనుకోవడం మానేసి చాలాకాలమైంది. కోశాధికారి పని ఇప్పుడు నాకంటే చిన్నవాడొకడు చేస్తున్నాడు, బాగానే చేస్తున్నాడు. చివరి రెండే మింగుడుపడవు. ఎందుకంటే నాతో ఆ టీ తాగినవాడూ, ఆ గదిలోకి వెళ్ళినవాడూ ఒక్కడే.

నేను సినిమా కంపెనీల్లో లెక్కలు రాస్తాను. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసులు బయటికి ఇళ్ళలాగే ఉంటాయి. పోర్టికోలో కార్లు, హాల్లో పోస్టర్లు, వెనక వంటగది పక్కన చిన్న గదిలో నేను. ఈ పని నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మెదక్ వైపు నుంచి వచ్చిన కొత్తలో, షూటింగుల్లో బత్తాలు పంచే మేనేజరు పక్కన సంచి పట్టుకుని నిలబడేవాణ్ణి. ఎవరికెంత ఇస్తున్నాడో, ఎందుకు ఇస్తున్నాడో చూసి చూసి నేర్చుకున్నాను. డిగ్రీ చాలా ఆలస్యంగా, దూరవిద్యలో, లొకేషన్ల మధ్య వ్యానుల్లో చదివి పూర్తిచేశాను.

మా పనిలో రోజుకు కొలత కాల్‌షీటు. మనిషి పొద్దున వచ్చి సాయంత్రం దాకా పనిచేస్తే ఒక కాల్‌షీటు. మధ్యాహ్నం భోజనాలకే అతని పని అయిపోతే అర. పొద్దుపోయిన తరువాత కూడా సాగితే కాల్‌షీటున్నర. చెల్లింపులనాడు అరలన్నీ ఏరి, రెండు అరలను ఒకటిగా కూడి డబ్బులిస్తాం. ఒక లైట్‌మన్ సోమవారం అర, గురువారం అర చేస్తే ఒక నిండు కాల్‌షీటు చేసినట్టే. దీనిమీద ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ ఎన్నడూ గొడవపడగా నేను చూడలేదు. నా జీవితంలో నేను చేసిన పెద్ద లెక్క తప్పింది ఇక్కడే కాబట్టి, ఇది ముందే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక ఆ స్నేహితుడు. అతను డబ్బింగ్ ఆర్టిస్టు. గుంటూరు వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, యూసుఫ్‌గూడలో ఉండేవాడు. వేరే భాషల నుంచి వచ్చే విలన్లకు జూబ్లీహిల్స్ థియేటర్లలో గొంతు ఇచ్చేవాడు. అతని ముఖం మీరు చూసి ఉండరు, గొంతు మాత్రం తప్పకుండా వినే ఉంటారు. రహమత్ నగర్‌లో హార్డ్‌వేర్ షాపు పైనున్న మా సంఘంలో ఇద్దరం సభ్యులం. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే వంతు నాకు వస్తే జనం తమ పుస్తకాల్లోకి చూస్తూ వింటారు. అతని వంతు వస్తే పుస్తకాలు మూసి అతన్నే చూస్తారు. నేను చదివేటప్పుడు తప్పు పలకను. అతను పలుకుతాడు. అయినా అంతే.

మా సంఘం చేరిన క్రైస్తవ శాఖవాళ్ళు శనివారం సాయంత్రాలు బైబిలు వేదాంత తరగతులు పెట్టినప్పుడు ఇద్దరం చేరాం. రెండేళ్ళ కోర్సు. పరీక్షల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. చివరిరోజు ఒక్కొక్కరం చిన్న ప్రసంగం చేయాలన్నారు. నేను నాలుగు భాగాలుగా విభజించి, ప్రతి భాగానికీ ఆధారం చూపించి మాట్లాడాను. పాఠాలు చెప్పిన ముసలి గురువుగారు చాలా శ్రద్ధగా తయారుచేశావన్నారు. అతను ఏ తయారీ లేకుండా వచ్చి, వాళ్ళ నాన్న కూలిపనికి పోయేముందు చేసుకునే ప్రార్థన గురించి చెప్పాడు. గురువుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రం ఇద్దరం టీ తాగుతుంటే, 'మీ అంత పద్ధతిగా నాకు రాదన్నయ్యా' అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

మా పాస్టరుగారికి వయసైపోయింది. ఆయన తరువాత సంఘాన్ని నడిపేవాడికి వేదాంతంలో డిగ్రీ ఉండాలని మా శాఖ నియమం. అది లేకపోతే పాస్టరుగా అభిషేకం చేయరు. అదే సమయంలో, ఒకప్పుడు మా సంఘంలోనే ఉండి అమెరికాలో స్థిరపడ్డ పెద్ద దంపతులు పాస్టరుగారికి ఫోన్ చేశారు. వాళ్ళ ఇంటికి దగ్గర్లో ఒక సెమినరీ ఉందట. సంఘం నుంచి ఒక మనిషిని పంపితే చదువు పూర్తయ్యేదాకా గది, భోజనం తాము చూసుకుంటామన్నారు. ఒక్కణ్ణే పంపాలి, ఇచ్చే గది ఒక్కటే కాబట్టి. పాస్టరుగారు మొదట నన్నే పిలిచి అడిగారు. పెద్దవాణ్ణని, నమ్మకస్తుణ్ణని. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. బల్లకు అవతల నిలబడి వాక్యం చెప్పే రోజు వస్తుందన్న కోరిక నేను ఎవరికీ చెప్పుకోలేదు, నా భార్యకు తప్ప. ఇంటికెళ్ళి లెక్క వేసుకుని చెబుతానన్నాను.

లెక్క ఇలా వచ్చింది. ఆ డిగ్రీకి నలభై ఎనిమిది క్రెడిట్లు. నిండుగా చదివేవాళ్ళు సెమిస్టరుకు పన్నెండు చొప్పున రెండేళ్ళలో ముగిస్తారు. అదే సెమినరీలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం సాయంత్రాలు, శనివారాలు నడిచే పార్ట్‌టైమ్ కోర్సు కూడా ఉంది. అందులో సెమిస్టరుకు ఆరు. అంటే నాలుగేళ్ళు. మా ఇల్లు నా జీతం మీద నడుస్తుంది, మోతీనగర్‌లో కిరాయి ఇల్లు, కూతురు కాలేజీలో ఉంది. రెండేళ్ళు సంపాదన లేకుండా ఉండటం నావల్ల కాదు. కానీ మా కంపెనీ ఓనరు, అక్కణ్ణుంచే కంప్యూటర్‌లో సగం రోజు లెక్కలు చూసిపెడితే సగం జీతం ఇస్తానన్నాడు. చదువు అర కాల్‌షీటు, కంపెనీ పని అర కాల్‌షీటు. నా ఎదురుగా ఉన్న కాగితం మీద అది ఎంత అందంగా కుదిరిందంటే, దాన్ని ఎవరికైనా చూపించాలనిపించింది. భార్యకు చూపించాను.

ఆమె కూరగాయలు తరుగుతూనే విన్నది.

"గాళ్ళు అరకు ఒప్పుకుంటరా? అడిగినవా?"

"అడిగేది ఏమున్నది? అర, అర కలిస్తే ఒకటే కదా" అన్నాను.

"మీ ఫిల్మ్‌నగర్‌ల ఒకటే. గాడ ఎట్లనో ఏమో."

ఆ సాయంత్రం టీ దగ్గర అతనికి కూడా చూపించాను. కాగితం రెండుసార్లు చదివి, మీ బుర్రే బుర్ర అన్నయ్యా అన్నాడు.

పార్ట్‌టైమ్ కోర్సుకే దరఖాస్తు పెట్టాను. ఇంగ్లిష్ పరీక్ష మొదటిసారి మాట్లాడే భాగంలో తప్పి, రెండోసారి గట్టెక్కాను. సెమినరీ నుంచి ప్రవేశం ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. మిమ్మల్ని మా విద్యార్థిగా స్వాగతిస్తున్నామని మొదటి వాక్యంలోనే ఉంది. దాన్ని ఆదివారం పాస్టరుగారు అందరిముందూ చదివించారు, చదివింది అతనే. నా ఉత్తరం అతని గొంతులో విన్నాను. ఆ వారమే కోశాధికారి పని అప్పగించాను. రెండు కొత్త సినిమాలు మొదలవుతుంటే, నేను ఉండను, వేరేవాళ్ళను చూసుకోండని చెప్పేశాను.

విద్యార్థి వీసాకు వెళ్ళాలంటే ప్రవేశం ఇచ్చిన ఉత్తరం సరిపోదు. ఐ-ట్వంటీ అని స్కూలు ఇచ్చే పత్రం ఉండాలి. అది ఉత్తరం వెనకాలే వస్తుందనుకున్నాను. రాకపోయేసరికి సెమినరీలో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే ఆమెకు మెయిల్ పెట్టాను. ఆమె చాలా మర్యాదగా జవాబు రాసింది. పార్ట్‌టైమ్ కోర్సు అప్పటికే అక్కడ నివసించేవాళ్ళ కోసమనీ, విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్ళు ప్రతి సెమిస్టరులోనూ నిండు భారం, అంటే తమ దగ్గర పన్నెండు క్రెడిట్లు, చదవాలనీ, పార్ట్‌టైమ్‌కు ఐ-ట్వంటీ ఇవ్వడం తమకు కుదరదనీ సారాంశం.

నేను ఊరుకోలేదు. నాలుగేళ్ళలో మొత్తం అవే నలభై ఎనిమిది అవుతాయి కదా, తగ్గేదేమీ లేదు కదా అని పట్టిక వేసి పంపాను. మొత్తం ఎంత అనేది కాదు, ఏ సెమిస్టరుకు ఆ సెమిస్టరు నిండాలి అని ఆమె రాసింది. కొన్ని ఆన్‌లైన్‌లో చదివి నింపనా అన్నాను. సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సే లెక్కలోకి వస్తుందంది. పోనీ సందర్శకుల వీసా మీద వచ్చి సగం చదవనా అన్నాను. ఆ వీసా మీద డిగ్రీకి పనికొచ్చే చదువు చదవకూడదంది. కంపెనీ పని సంగతి కూడా అడిగాను. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో చెప్పే పేజీలు పంపింది. నా ఏర్పాటు అందులో ఎక్కడా ఇమడలేదు. ఆ నిబంధనలన్నీ ఫిల్మ్‌నగర్ గదిలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఎక్కడైనా అర దూరే సందు ఉందేమోనని వెతుకుతూ చదివాను. అంత శ్రద్ధగా నేను వాక్యం కూడా చదివి ఉండను.

నిండు కోర్సుకు మారాలంటే మొదటి ఏడాది ఫీజు, ఖర్చులు ముందే చూపించాలి. జీతం ఉండదు. నాకు ఇంకో ఏడాది గడువు కావాలి. సంఘం పెద్దలు కూర్చున్నారు. పాస్టరుగారు అన్నీ విని, ఆ దంపతులు 'మాకూ వయసు మీదపడుతోంది, ఈ ఏడాదే పంపండి' అంటున్నారయ్యా, నిండుగా చదవడానికి వెళ్ళగలవా చెప్పు అని అడిగారు. ఈ ఏడాది కాదన్నాను.

వెనక వరసలోంచి, మైకు అవసరం లేని ఆ గొంతు వినిపించింది.

"అన్నయ్యకి అభ్యంతరం లేకపోతే, నేను వెళ్తానండి."

అందరూ నావైపు తిరిగారు. అభ్యంతరం ఉందని ఏ మనిషి చెప్పగలడు? లేదన్నాను. అతని భార్య పెద్ద ఆసుపత్రిలో నర్సు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అతను రెండేళ్ళు సంపాదించకపోయినా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అతనేమీ ఈ సెమినరీ కోసం నర్సును పెళ్ళి చేసుకోలేదు. అయినా ఆ పూట మాత్రం ఎంతో ముందుచూపుతో నన్ను దాటేశాడనిపించింది.

అతను నిండు కోర్సుకు దరఖాస్తు పెట్టాడు, ప్రవేశం వచ్చింది. ఇక ఖర్చులకు తగ్గ డబ్బు ఉందని చూపించాలి. అతని సంపాదన చెక్కులు, చిల్లర జమలు, ఒక్కోసారి ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చే బాకీలు. దాన్ని అర్థమయ్యేలా పేర్చగలిగేవాడు అతనికి తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే. బాంకు పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మూడు సాయంత్రాలు కూర్చుని చేసిపెట్టాను. ఎక్కడా తప్పు లేకుండా చేశాను. తప్పు చేయడం నాకు చేతకాదు, లేకపోతే ఏమయ్యేదో తెలియదు. ఐ-ట్వంటీ వచ్చాక చూపించడానికి మళ్ళీ వచ్చాడు. నేను దాన్ని ముట్టుకోకుండా, బల్లమీద ఉంచే చదివాను. నిండుగా చదవాలన్న మాట దానిమీద ఎక్కడుందో నాకు చూడకుండానే తెలుసు.

వీసా ఇంటర్వ్యూకు ముందురోజు ఏం చెప్పమంటారని అడిగాడు. నిజం చెప్పు, చిన్నగా చెప్పు, సంఘం పంపుతోంది, చదువు ముగించుకుని సంఘానికే తిరిగొస్తానని చెప్పు, నాన్నగారి కథ ఎత్తుకోకు అన్నాను. మర్నాడు మధ్యాహ్నం మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు. కిటికీ అవతలి ఆయన రెండే ప్రశ్నలు వేశాడట. ఈ వయసులో ఇదెందుకు అని ఒకటి, డబ్బు ఎక్కడిది అని ఇంకొకటి. రెండోదానికి నేను పేర్చిన కాగితాలు అందించబోతే ఆయన తీసుకోనేలేదట. గొంతు బాగుంది, రేడియోలో పనిచేస్తావా అని నవ్వి వీసా ఇచ్చేశాడట.

మూడు సాయంత్రాలు నేను చేసిన పని కిటికీ లోపలికి కూడా వెళ్ళలేదు. ఆ రోజు టీ డబ్బులు అతనిచ్చాడు, నేను వద్దనలేదు.

వీడ్కోలు కూడిక ఆదివారం జరిగింది. దండలు, పలావు, ఫోటోలు. పాస్టరుగారు అతని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకోలేకపోయాను. నా భార్య మోచేత్తో పొడిచింది.

"జర మొకం సరిచేస్కో. ఎవరి పెండ్లిలనో పీటల మీద నేనే కూసోవాలె అన్నట్లున్నవ్."

అతను వెళ్ళిపోయాడు. నేను ఇక్కడే ఉండి, అదే సెమినరీ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. ఇంట్లో కూర్చుని చదవడానికి వీసా అక్కర్లేదు, ఎన్ని చదువుతున్నావని ఎవరూ అడగరు. ఒకసారికి ఒక్క కోర్సు, మూడు క్రెడిట్లు. పొద్దున్నే ఆఫీసుకు ముందుగా వచ్చి, ఎవరూ లేని ఆ గదిలో రికార్డు చేసిన పాఠాలు వినేవాణ్ణి. తెరమీద పాఠం చెప్పే ప్రొఫెసరు వెనక కిటికీ, కిటికీలోంచి ఇటుకల భవనం కనబడేవి. ఆ భవనం మెట్ల మీద కూర్చుని అతను ఫోటో పంపేవాడు. లైబ్రరీలో తన పేరుతో ఒక బల్ల ఇచ్చారట, అక్కడ పుస్తకాలు వదిలేసి వెళ్ళినా ఎవరూ తీయరట. నేను బాగుంది అని రాసేవాణ్ణి. కొన్నాళ్ళకు అది కూడా రాయకుండా బొటనవేలి బొమ్మ పంపడం మొదలుపెట్టాను.

అతను వెళ్ళిన రెండోనెలలో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. అక్కడ సాయంత్రం. ఆఫీస్‌బాయ్ ఇంకా తలుపులు తీయలేదు, నేను గేటు బయట బండి మీదే కూర్చున్నాను. ఎప్పుడూ లేనిది, అతని గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

నాలుగు కోర్సులు తనవల్ల కావడం లేదన్నాడు. వారానికి ఇన్ని వందల పేజీలని ఇస్తున్నారు, ఒక్కో పేజీ అరగంట పడుతోంది. తరగతిలో వాళ్ళ ఇంగ్లిష్ వేగం అందటం లేదు. గ్రీకు ఒకవైపు. ముందురోజు తరగతిలో చదవమంటే నోరు పెగల్లేదట. ఇన్నేళ్ళు గొంతు అమ్ముకుని బతికినవాడు, నోరు పెగల్లేదన్నాడు. వింటుంటే నాకు జాలి వేసింది. దానికంటే ముందు ఇంకొకటి వేసింది. ఆ చదువే అయితే నాకు పేజీకి ఐదు నిమిషాలు పడుతుందనుకున్నాను.

"ఒకటి చేద్దామనుకుంటున్నానన్నయ్యా. ఇక్కడ కంప్యూటర్‌లో రెండు కోర్సులు మన పేరు మీంచి మనమే తీసేయొచ్చు. పక్కబల్ల అబ్బాయి నిన్ననే తీసేశాడు. మిగతా రెండూ బాగా చదువుతాను, అవి తర్వాత చదువుకుంటాను. మీరు అనేవాళ్ళుగా, అర, అర కలిస్తే ఒకటేనని."

ఆ పక్కబల్ల అబ్బాయి ఆ ఊరివాడే అయి ఉంటాడు, అతనికి వీసా గొడవ లేదు. ఇతను కోర్సు తీసేసే ఆ మీట నొక్కితే ఆ క్షణం నుంచి నిండు విద్యార్థి కాడు. వీసా మీద ఉండే అర్హతే పోతుంది. సెమిస్టరు మధ్యలో సామాను సర్దుకుని రావాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ దంపతుల ఇల్లు ఖాళీ అవుతుందన్నదీ వెంటనే తట్టింది, అబద్ధం ఎందుకు. నేను కావాలన్న ఏడాది గడువు కూడా అప్పటికి దగ్గర పడుతోంది.

"అన్నయ్యా, లైన్లో ఉన్నారా?"

"ఉన్న. తమ్మీ, దాన్ని ముట్టుకోకు" అన్నాను.

ఎందుకో చెప్పాను. తరువాత, నాకోసం సందులు వెతుకుతూ చదివిన పేజీల్లో ఒకచోట ఉన్న సంగతి చెప్పాను. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇంగ్లిష్‌తోనో, పుస్తకాలు చదవడంతోనో, అక్కడి బోధన పద్ధతితోనో ఇబ్బంది ఉంటే, భారాన్ని ఒకసారికి సగం దాకా తగ్గించవచ్చు. డబ్బు చాలక కాదు, వేరే పని చేసుకోవడానికి కాదు. అదైనా ముందుగా ఆ విదేశీ విద్యార్థుల ఆఫీసులో అనుమతి తీసుకుని, వాళ్ళు రికార్డులో ఎక్కించిన తరువాతే. ముందు కోర్సు తీసేసి తరువాత చెబితే కుదరదు.

"రేపు పొద్దుగాల ఆమె తలుపు తెరిచేసరికి నువ్వు గాడ ఉండాలె. నాకు చదువుతుంటే అర్థమైతలేదని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడకు. ఆమె సరేనని రికార్డుల ఎక్కించినంకనే ఆ మీట."

"ఇవన్నీ మీకెలా తెలుసన్నయ్యా?"

"నాకోసం చదివిన."

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడు వచ్చింది. గొంతు మళ్ళీ అతనిదిలాగే ఉంది. ఆమె మంచిదట, కూర్చోబెట్టి టిష్యూ కాగితం ఇచ్చిందట, అంతా విని ఒప్పుకుందట. ఆ సెమిస్టరుకు ఆరు క్రెడిట్లు చదివితే చాలునట. "సగం ఇచ్చారన్నయ్యా!" అన్నాడు.

నేను ఆ ఆరు కోసమే పట్టిక వేసి పంపాను. ఆ మనిషికే, అదే అంకె. నాకు లేదన్నది అతనికి ఇచ్చింది, అదీ నేను చూపించిన దారిలో వెళ్తే. సంతోషం తమ్మీ అని ఫోన్ పెట్టేసి, ఆ పూట ఒక చెల్లింపు కాగితాన్ని నాలుగుసార్లు కూడి చూశాను. కూడిన ప్రతిసారీ వేరే మొత్తం వచ్చింది. సాయంత్రం భార్యకు చెప్పాను. నువ్వు చెప్పకపోతే వచ్చేసెటోడు కదా అంది. అవునన్నాను. మరి ఎందుకు చెప్పినవ్ అని అడగలేదు. అడిగిన లెక్కకు తప్పు మొత్తం చెప్పడం నాకు రాదు, బహుశా అంతే.

ఆ తరువాత అతను ఒకసారి అడిగాడు.

"ఆ సగం మీకెందుకు ఇవ్వలేదన్నయ్యా?"

"అది లోపలికి పోయినోళ్ళకు తమ్మీ. నేను గేటు బయట నిలబడి అడిగిన."

సారీ అన్నయ్యా అన్నాడు. అతను చేసిన తప్పేమీ లేదు. అయినా ఆ సారీ నేను వద్దనలేదు, ఉంచుకున్నాను.

రెండో సెమిస్టరు నుంచి అతను నిండుగా చదివాడు. తగ్గిన ఆరూ వేసవిలో పూడ్చాడు. డిగ్రీ పూర్తిచేసి, చెప్పినట్టే తిరిగొచ్చాడు. పాస్టరుగారు విశ్రాంతి తీసుకున్నారు, ఇతనికి అభిషేకం జరిగింది. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపు పైన ఆదివారం వాక్యం చెప్పేది అతనే. మునుపటిలా తండ్రి కథలే చెబుతాడు, మధ్యలో ఒక గ్రీకు మాట వేస్తాడు. ఆ మాటను సరిగ్గా పలికాడా లేదా అని నేను ప్రతిసారీ పట్టిచూస్తాను. ఈమధ్య తప్పులు దొరకడం లేదు. జనం అతన్ని అయ్యగారూ అంటారు. నేను కూడా అందరిముందు అలాగే అంటాను. అతను మాత్రం ఎక్కడైనా అన్నయ్యా అనే అంటాడు. టీకి రమ్మని పిలుస్తాడు. పాస్టరు రోడ్డు మీద నిలబడి టీ తాగితే బాగుండదని చెప్పి తప్పించుకుంటాను.

ఇక నావి. ఆన్‌లైన్‌లో ఎనిమిది కోర్సులు, అంటే ఇరవై నాలుగు క్రెడిట్లు, ముగించాను, అన్నిట్లోనూ మంచి మార్కులే. తొమ్మిదోదానికి పేరు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. ఆ డిగ్రీలో సగానికి మించి దూరం నుంచి చదవకూడదట. మిగతా సగం అక్కడికి వెళ్ళి, తరగతిలో కూర్చునే చదవాలట. అక్కడ కూర్చోవాలంటే వీసా కావాలి. వీసా కావాలంటే సెమిస్టరుకు పన్నెండు చొప్పున నిండుగా చదవాలి. అంటే ఒక ఏడాది, సంపాదన లేకుండా. కూతురు ఇప్పుడు పీజీలో చేరింది. ఓనరు కొత్త సినిమా మొదలుపెట్టాడు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తున్నాను. అతను పాస్టరు అంగీ తీసి చేతిమీద వేసుకుని వచ్చి, రెండు కుర్చీలు అందుకున్నాడు. ఇంకా ఎన్ని ఉన్నాయన్నయ్యా అని అడిగాడు. ఏవి అని నేనడగలేదు. సెమినరీకి ఈ రోజు దాకా నేను బాకీ ఉన్న క్రెడిట్లు ఎన్నో చెప్పాను. ఇరవై నాలుగు.